వరస చివర కూర్చున్న గురువు

నిన్న సాయంత్రం మా అమ్మాయి స్కూల్ జిమ్‌లో ఎవరో కుస్తీ చాపలు తుడుస్తున్నారు. వెనిగర్ కలిపిన నీళ్ల పుల్లటి వాసన, దాని అడుగున చెమట వాసన. గుమ్మంలోనే ఆగిపోయాను. "అమ్మా, వాట్ హ్యాపెండ్? లేట్ అవుతుంది, పద" అని మా అమ్మాయి చెయ్యి లాగుతోంది. నేను మాత్రం ఏళ్ల క్రితం మేమున్న ప్లెయిన్స్‌బరో ఊళ్లో లాండ్రీ పక్కన ఉండే ఆ పొడుగాటి గదిలోకి మనసులోనే వెళ్లిపోయాను. అక్కడ క్లాసు అయ్యాక చాపలు మేమే తుడిచేవాళ్లం. బకెట్లో వెనిగర్ ఒంపేది మాత్రం ఓకుడా సెన్సే. సెన్సే అంటే జపాన్ వాళ్ల మాటలో గురువు. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా వచ్చేవారు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవారు. ఆవిడ నేర్పేది ఐకిడో. మీదికి వచ్చినవాడి బలాన్నే పక్కకి మళ్లించి, వాడిని నేలకి దించే విద్య.

నేను అక్కడ చేరింది నడుం నొప్పి వల్ల. ఫార్మా కంపెనీలో ప్రోగ్రామర్‌ని, రోజంతా కుర్చీలోనే. "నడుం నొప్పికి ఫైటింగ్ ఏంటి లతా? యోగా జాయిన్ అవ్వచ్చుగా" అని మా ఆయన రవి నవ్వాడు. మొదటిరోజు హడావిడిగా చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ గుమ్మం దగ్గర మోకాళ్లమీద కూర్చుని, నా చెప్పులు రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ల వైపు తలుపుకేసి తిప్పి పెడుతున్నారు. పెద్దావిడ నా చెప్పులు ముట్టుకోవడమా! "అయ్యయ్యో, మీరెందుకండీ!" అని తెలుగులోనే అరిచేశాను. ఆవిడకి మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. ఆవిడ ఇంగ్లీషు చిన్నచిన్న ముక్కలుగా ఉండేది. "వెళ్లేటప్పుడు తొడుక్కోవడం సులువు. వెనకొచ్చేవాళ్లకీ అడ్డుండదు. అంతే" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

మర్యాదలు చాలా ఉండేవి. ఆలస్యంగా వస్తే చాప అంచున కూర్చుని, గురువు తల ఊపేదాకా ఆగాలి. గోళ్లు కత్తిరించుకుని రావాలి. పాతవాళ్లు మొదలు, కొత్తవాళ్లు చివర, వరసగా మోకాళ్లమీద కూర్చోవాలి. జత కట్టేముందు ఒకరికొకరు వంగి దణ్ణం పెట్టుకోవాలి. వంగడానికి నాకేమీ ఇబ్బంది లేదు, చిన్నప్పటినుంచీ అలవాటే. గ్రెగ్‌కి మాత్రం అదంతా తంతు. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవాడు, హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడిన భారీ మనిషి, నాకంటే ముందు చేరినవాడు. ఒకరోజు నాతో జతకట్టి మణికట్టు మెలితిప్పాడు. చాలు అన్నట్టు చాప తట్టాను. అతను వదలడం ఆలస్యమైంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సెన్సే చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోబెట్టారు. గొంతు పెంచలేదు. "గ్రెగ్, మొదలుపెట్టేముందు ఈవిడకి ఎందుకు వంగావు?"

"రూల్ కదా, సెన్సే."

"కాదు. ఈవిడ తన చెయ్యి నీకు అరువిస్తోంది. నేర్చుకో. కానీ ఎలా ఇచ్చిందో అలాగే తిరిగివ్వు."

గ్రెగ్ మొహం కందిపోయింది. నా ఎదురుగా వచ్చి వంగి, చాలాసేపు తల ఎత్తలేదు. ఆ తర్వాత అతనంత జాగ్రత్తగా నన్ను పడేసినవాళ్లు ఎవరూ లేరు. ఏళ్లు గడిచేసరికి అతనే ఆవిడకి పెద్ద శిష్యుడయ్యాడు. ఈలోగా ఆవిడ చేతులు వణకడం మొదలైంది. ముందు టీకప్పు పట్టుకున్నప్పుడు, తర్వాత క్లాసులో సాధన కర్ర పట్టుకున్నప్పుడు. మేమంతా చూసీ చూడనట్టు ఉండేవాళ్లం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో రీఆర్గ్ అని టీములన్నీ మార్చేశారు. నేను పని నేర్పిన కార్తీక్‌ని నామీదే మేనేజర్‌ని చేశారు. ఇంటికొచ్చి రవితో, "సోమవారం రిజైన్ చేసేస్తా" అన్నాను.

"గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఆలోచించు."

"నేను కోడ్ నేర్పినవాడికి రిపోర్ట్ చెయ్యాలా? నావల్ల కాదు."

ఆ కోపంతోనే శనివారం క్లాసుకి వెళ్లాను.

ఇకనుంచి క్లాసు గ్రెగ్‌దేనని అంతకుముందు వారమే సెన్సే చెప్పారు. ఆవిడ వస్తారని ఎవరూ అనుకోలేదు. వచ్చారు. అందరిలాగే తెల్ల బట్టలు వేసుకుని, మా వరస దాటుకుంటూ నడిచి, అందరికంటే చివర, కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయి పక్కన కూర్చున్నారు. ముందు నిలబడ్డ గ్రెగ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. "సెన్సే, ప్లీజ్, మీరు ముందు కూర్చోండి."

"నేను ముందుంటే అందరూ నా వంకే చూస్తారు. నీ వంక ఎవరు చూస్తారు? వెళ్లు. క్లాసు మొదలుపెట్టు."

అతను వెళ్లి మాకెదురుగా కూర్చున్నాడు. మాలో అందరికంటే ముందు ఆవిడే వంగారు, నుదురు చాపకి తాకేలా. వణుకుతున్న అరచేతులు చాపమీద టపటపమంటున్నాయి. గ్రెగ్ తడబడుతూ నేర్పాడు. ఒకచోట పాదం తప్పుగా చూపించాడు, అది నాక్కూడా తెలిసిపోయింది. ఆవిడ మాత్రం అతను చూపించినట్టే చేశారు. కాసేపటికి అతనే గుర్తించి దిద్దుకున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే నేను పెట్టాను. పెడుతూ ఉండబట్టలేక అడిగాను. "సెన్సే, మీకు బాధగా లేదా?"

"ఎందుకు లేదు? నిన్నంతా ఏడ్చాను" అన్నారు మామూలుగా. "కానీ బాధ నాది. క్లాసు అతనిది. నా బాధ తెచ్చి అతని క్లాసులో పెట్టకూడదు."

సోమవారం మీటింగ్ రూమ్‌లో కార్తీక్ నాకంటే ముందే వచ్చి, ఎటు కూర్చోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. "లతక్కా, మీరే స్టార్ట్ చేస్తారా, ఎప్పట్లాగే?" అన్నాడు. కుర్రాడి చొక్కా కాలర్ చెమటకి తడిసింది. అతనికీ కష్టంగానే ఉందని నాకప్పటిదాకా తట్టలేదు. "లేదు కార్తీక్, నువ్వు మొదలుపెట్టు" అని పక్క కుర్చీలో కూర్చున్నాను. రోషం ఒక్కరోజులో పోలేదు. చాలాసార్లు కార్లో ఒంటరిగా ఏడ్చి, మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాను. కానీ ఉండిపోయాను. తర్వాత మా ఇద్దరికీ బాగానే కుదిరింది. మా అమ్మాయి పుట్టినప్పుడు హాస్పిటల్‌కి మొదట వచ్చింది కార్తీకే.

కొన్నాళ్లకి సెన్సే ఓరెగాన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడే పోయారని గ్రెగ్ ఫోన్ చేసి చెప్పాడు.

నేను పోగుచేసిన టీమ్‌ని పోయిన నెల కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి అప్పగించారు. ఆమె మొదటి మీటింగ్‌కి వెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. ఒక స్లైడ్ దగ్గర ఆమె లెక్క తప్పు చెప్పింది. సరిదిద్దే మాట నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. వీపు నిటారుగా పెట్టి, ఆమె వంకే చూస్తూ ఉన్నాను. రెండు స్లైడ్లు దాటాక ఆగి, "సారీ, ఇందాకటిది తప్పు" అని తనే వెనక్కి వెళ్లింది.