మిరపకొట్టులో రెండో పొయ్యి

పెద్ద ఆదాయాల మీద పన్ను రేటు పెంచాలా, తగ్గించాలా అని పత్రికల్లో వాదించుకుంటూనే ఉన్నారు. మిల్లు యజమానులు రాశారు, ప్లీడర్లు రాశారు, కాలేజీ మేష్టర్లు రాశారు. నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా అంతట నేను రాసి పంపితే ఏ సంపాదకుడూ వెయ్యలేదు. పన్ను ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే, అందిందన్న ముక్క కూడా రాలేదు. ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోతే, "అన్నదమ్ముల తగువు మాకెందుకయ్యా" అని కాఫీ ఇచ్చి పంపేశారు. ఆ పెరిగిన రేటు ఎవరి నెత్తిన పడిందో నాకు తెలుసు. నా భార్య ఊపిరితిత్తుల మీద పడింది. అడక్కపోయినా చెబుతున్నాను.

మాది చిలకలూరిపేట. నాన్న పోయేనాటికి మాకు పత్తి జిన్నింగు మిల్లు, ఆ ఆవరణలోనే మిద్దె ఇల్లు, ఇంటి వెనక మిరపకాయలు నిలవచేసే కొట్టు ఉన్నాయి. అన్నయ్య నాకన్నా చాలా పెద్దవాడు. బేరాలు, బ్యాంకు, పెత్తనం ఆయనవి. మిల్లుకొచ్చే పత్తి తూకాలు నావి. జీతం లేదు. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడికి జీతమేమిటి? అమ్మ వడ్డించేది, అందరం తినేవాళ్ళం.

మంచి కాయ ఏరగా మిగిలిన, రంగు పోయిన మిరపకాయని మావైపు తాలు అంటారు. అన్నయ్య నన్ను నలుగురిలో "మా తాలుకాయ" అని పిలిచేవాడు. నా పెళ్ళిపీటల మీద కూడా అన్నాడు. మా మామగారు విన్నారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఏడు బడ్జెట్ రోజున మా వసారాలో రేడియో చుట్టూ జనం మూగారు. పెద్ద ఆదాయాల మీద రేటు మళ్ళీ పెంచారని తెలియగానే అన్నయ్య రేడియో కట్టేసి, గుంటూరు నుంచి పన్నుల ప్లీడరుని పిలిపించాడు. ఆ ప్లీడరు మా మంచం మీద కూర్చుని, వ్యాపారస్తుడికి అర్థమయ్యే భాషలో విడమరిచి చెప్పాడు.

"ఇట్లా అనుకోండి. మొదటి బస్తాలకు సుంకం లేదు. తర్వాతి బస్తాలకు కాస్త. ఆ పైవాటికి ఇంకాస్త. చిట్టచివరి బస్తాల్ని మాత్రం దాదాపు ఊడ్చుకుపోతాడు. మీరు సరుకంతా ఒకే బండి మీద వేస్తున్నారు. రెండు బళ్ళ మీద సగం సగం వెయ్యండి. రెంటి మీదా చివరి బస్తాలనేవే ఉండవు."

"రెండో బండి ఎక్కడిదండీ?" అన్నాడు అన్నయ్య.

ప్లీడరు నావైపు చూశాడు. అన్నయ్య కూడా అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఒరేయ్ తాలుకాయా, ఇన్నాళ్ళకి పనికొచ్చావురా!"

చేయవలసిందేమిటంటే మేమిద్దరం వేరుపడినట్టు చూపాలి. ఉమ్మడి కుటుంబం రెండు కాపురాలైతే ఆదాయం రెండు ముక్కలవుతుంది, ముక్క చిన్నదైతే రేటు తగ్గుతుంది. మనిషిని కోస్తే పన్ను తగ్గుతుందన్నమాట. "ఉత్త కాగితానికి ఆఫీసరు ఒప్పుకోడు. చూడ్డానికి వస్తాడు. పొయ్యి వేరుండాలి" అన్నాడు ప్లీడరు.

మావైపు వేరుపడటానికి ఒక పద్ధతుంది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇత్తడి సామాను పంచుతారు. వేరుపోయేవాడు తన వాటా గంగాళం భుజాన పెట్టుకుని గడప దాటతాడు. దాటాడంటే వేరుపడ్డట్టే. కోర్టు కాగితం కన్నా మాకు అదే గట్టిది. నేను గంగాళం ఎత్తుకున్నాను. పెద్దమనుషులకు అన్నయ్య ముందే కన్ను గీటాడు గనక వాళ్ళు మీసాల చాటున నవ్వుకుంటున్నారు. నేను కూడా నవ్వాను. అందరూ నవ్వుతున్నారు గదా, ఇది ఉత్తుత్తిదేనని నమ్మాను. కానీ గడప నిజమైనది, గంగాళం నిజమైనది, దాటిన కాళ్ళు నావి.

రెండో పొయ్యి ఎక్కడ పెట్టాలి? మిల్లు వైపు పత్తి, నిప్పురవ్వ తగలకూడదు. మిద్దెలో గది ఇస్తే వేరుపడ్డట్టు కనబడదట. కాబట్టి మిరపకొట్టు. ఒక మూల బస్తాలు జరిపి, మూడు రాళ్ళు పెట్టి, మాకొక మంచం వేశారు.

నా భార్య గుమ్మంలోనే ఆగిపోయి, "బావగారూ, ఇందులో మనిషి ఊపిరి తీసుకోగలడా?" అంది.

"నాలుగు రోజులేనమ్మా. ఆఫీసరొచ్చి చూసిపోతే మళ్ళా మామూలే. అయినా కారం తిని పెరిగినదానివి, కారం పీల్చలేవా?" అన్నాడు అన్నయ్య. వదిన కిసుక్కుమంది.

ఆ నాలుగు రోజులు కోతలు మొదలయ్యేదాకా సాగాయి. కొత్త కాయ వచ్చి కొట్టు కప్పు దాకా నిండింది. పొయ్యి రాజేస్తే వేడికి ఘాటు లేచేది. గింజల దుమ్ము అన్నంలో, నీళ్ళలో, దుప్పట్లో ఉండేది. నా భార్య కొంగు ముక్కుకి కట్టుకుని వండేది. మొదట తుమ్ములు, తర్వాత దగ్గు, ఆ తర్వాత పిల్లికూత. మిద్దె వంటింట్లో అమ్మ తాలింపు పెట్టిన వాసన మాదాకా వచ్చేది. కూర మాత్రం రాలేదు. గిన్నెలు అటూ ఇటూ తిరగడం ఎవరి కంటనైనా పడితే మోసం బయటపడుతుందని అన్నయ్య కట్టడి.

ఆఫీసరు ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చాడు. పొరుగు జిల్లా మనిషి, ఘాటు అలవాటు లేనివాడు. కొట్టులో అడుగుపెట్టగానే దగ్గు పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి చూశాడు, అట్లకాడ చూశాడు, నా భార్యను చూశాడు.

"మీరిక్కడే వండుకుంటున్నారా?"

నా భార్య జవాబు చెప్పబోయి దగ్గింది. ఆయనా దగ్గాడు. ఇద్దరూ ఎదురెదురుగా వంగి దగ్గుతుంటే, ఆఫీసరు వెనక నిలబడ్డ అన్నయ్య భుజాలు నవ్వుకి ఊగిపోతున్నాయి. నేను చూశాను.

బయటికొచ్చాక ఆఫీసరు, అరుగు మీద కూర్చున్న మా అమ్మని అడిగాడు. "మీ అబ్బాయిలిద్దరూ కలిసున్నారామ్మా?"

ఏం చెప్పాలో అన్నయ్య ఆమెకు ముందే నేర్పి ఉంచాడు. తడబడితే నీ పెద్దకొడుక్కి జైలేనని భయపెట్టి మరీ నేర్పాడు. అమ్మ తడబడలేదు.

"లేదు బాబూ. నేను పెద్దోడి దగ్గర తింటా. చిన్నోడు వేరుపడ్డాడు. వాడికీ మాకూ సంబంధం లేదు."

ఆఖరి ముక్క ఎవరూ నేర్పింది కాదు.

వేరుపడటం నిజమేనని ఒప్పుకుంటూ ఉత్తర్వు వచ్చింది. ఆ పూటే నేను గంగాళం భుజాన పెట్టుకుని మిద్దె మెట్లెక్కాను. వెనక నా భార్య చాపలూ గిన్నెలూ పట్టుకొచ్చింది. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏందయ్యా ఈ ఊరేగింపు?"

"ఆఫీసరు వచ్చి పోయాడుగా వదినా."

"మళ్ళీ రాడని నీకేమన్నా మాటిచ్చాడా?"

లోపల్నించి అన్నయ్య గొంతు వినిపించింది. "ఒరేయ్, పన్ను ఒక్క ఏడాదితో పోద్దంట్రా? ఈసారి రేటు ఇంకా పెంచుతారంట. నువ్వు లోపలికొస్తే నేను మళ్ళా పన్నులో పై మెట్టెక్కాలి. పో, పో. పొయ్యి ఆరిపోద్ది."

ఆ రాత్రి అమ్మ నా కంచం తోమించి అటక మీద పెట్టించిందట. పనిమనిషి చెప్పింది.

ఇక ఊళ్ళో నా పేరు మారిపోయింది. జిన్నింగు మిల్లు భాగస్వామిని, పన్ను కట్టే ఆసామిని. చందాల వాళ్ళు కొట్టు దగ్గరికి వచ్చి, మూడు రాళ్ళ పొయ్యి చూసి, "బలే పిసినారయ్యా" అని తిట్టుకుంటూ పోయేవారు. నా వాటా లాభం కాగితం మీద నాది, డబ్బు అన్నయ్య ఇనప్పెట్టెలోది. నా పేరు మీద వచ్చే పన్ను ఆయనే కట్టి, గుంటూరు మిర్చి కొట్లలో చెప్పుకునేవాడు. "మా తాలుకాయ పన్ను కూడా నేనే కడతన్నానయ్యా. తమ్ముణ్ణి సాకడమంటే మాటలా!" వాళ్ళు ఆయన్ని మెచ్చుకునేవారు.

దగ్గు ముదిరి ఉబ్బసమయ్యింది. నా భార్యను గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఉచిత వార్డు అడిగితే అక్కడి గుమాస్తా, "పన్ను కట్టేవాళ్ళకి ఉచితమేంటండీ? పేదోళ్ళ మంచం మీద కూడా మీకు కన్నేనా?" అన్నాడు. మా ఊరివాడే. అన్నీ తెలిసినవాడిలా చుట్టూ ఉన్నవాళ్ళకి నన్ను చూపించాడు.

తిరిగొచ్చి అన్నయ్యను అడిగాను. ఆయన బేరంలో ఉన్నాడు, ధర పక్కవాళ్ళకి తెలియకుండా తువ్వాలు కింద ఎవరి వేళ్ళో పట్టుకుని. చెయ్యి తియ్యకుండానే అన్నాడు. "నీ వాటా నీకుందిగా, దాంట్లోంచి ఖర్చు పెట్టుకో."

"అయితే ఆ వాటా ఇవ్వు."

"వాటా ఏంట్రా? అది ఆఫీసరు కోసం రాసింది."

"అయితే ఇంట్లోకి రానివ్వు."

"వేరుపడ్డోడివి, ఇంట్లోకెట్లా వస్తావురా?"

ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. బేరగాడు నవ్వి, "గట్టి బేరమే" అన్నాడు.

నాన్న తద్దినం వచ్చింది. ఏటా అన్నయ్య పక్కన నేనూ పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ ఏడు తలస్నానం చేసి వెళితే పురోహితుడు నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు. "వేరుపడ్డ అన్నదమ్ములు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి నాయనా. గంగాళం గడప దాటించారుగా."

"అది ఉత్తుత్తిదండీ. మీకూ తెలుసు."

ఆయన అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య తలెత్తలేదు. "శాస్త్రం ఎట్లా ఉంటే అట్లాగే కానివ్వండి" అన్నాడు. తమ్ముడు వేరుపడ్డాడని పన్ను ఆఫీసుకు చూపినవాడు, పితృదేవతలకు కూడా అదే చూపించాడు.

నేను మిరపకొట్టు ముందు విడిగా పెట్టాను. నా భార్య దగ్గుతూనే వండింది. పిండం తీసుకెళ్ళి గోడ మీద ఉంచి పిలిచాను. ఘాటుకో ఏమో, కాకి వాలలేదు. కాకులన్నీ మిద్దె మీదే ఉన్నాయి. అక్కడ అమ్మ నిలబడి వాటికి మెతుకులు వేస్తోంది. పిట్టగోడ మీదికి వంగి అన్నయ్య కేకేశాడు.

"ఏరా! నాన్న కూడా నీ పొయ్యి దగ్గర తిననంటన్నాడా?"

మిద్దె మీద అందరూ నవ్వారు. అమ్మ నవ్విందో లేదో చెప్పను. చూశాను, కానీ చెప్పను.

ఈమధ్య రేటు ఇంకా పెరిగింది. పెంచొద్దని నేననను. అన్నయ్య దగ్గర ఎంత గుంజినా నాకు సంతోషమే. కానీ పెంచే పెద్దలు ఒకటి చూసుకోవాలి. పై మెట్టు మీద ఉన్నవాడు బరువు మోయడు. కింద నిలబడ్డవాణ్ణి కోసి, ఆ ముక్క మీద పెడతాడు. ఆఫీసరు వచ్చి పొయ్యి చూస్తాడు. పొయ్యి మీద ఉడికేదేమిటో చూడడు.

నా భార్య, "ఇంక అడగడం మానండి. మీరు అడిగినప్పుడల్లా వాళ్ళకి నవ్వుకోడానికొకటి దొరుకుతోంది" అంటుంది. ఆ నాలుగు ముక్కలు అనడానికి రెండుసార్లు ఆగాలి ఆమె. నేను మానను.

అన్నయ్యా, నువ్వు పత్రికలు చదువుతావు. పన్ను వార్త ఎక్కడున్నా వెతికి చదువుతావు. అందుకే దీన్ని పన్ను వార్తలా రాశాను. నేను వేరుపడితే నా వాటా నా చేతిలో పెట్టు. పడకపోతే అటక మీంచి నా కంచం దించు. రెండూ కాదని మాత్రం అనకు, ఆ మాట విన్నాను. మళ్ళీ నాన్న తద్దినం వస్తోంది. ఆ పొద్దుటికి నేను తలస్నానం చేసి మీ గుమ్మం ముందు నిలబడతాను. పీట ఎక్కడ వెయ్యాలో చెప్పు. నువ్వు చెప్పలేకపోతే అమ్మని చెప్పమను.