పరుగుపందెం మెడల్స్

ఆ రోజుల్లో రియాద్‌లో, మలాజ్‌లోని మా రూములో ఎవరి పిచ్చి వారికి ఆనందంగా ఉండేది. మా ముగ్గురిలో పెద్దవాడైన జగిత్యాలన్న ఖాళీ సెంటు సీసాలు పోగేసేవాడు. డ్రైవరు పని చేసే కడప భాయ్ ఫోనులో చూసి కొత్త కొత్త వంటలు చేసి మా మీద ప్రయోగించేవాడు. ఏసీ మెకానిక్‌నైన నాకు పట్టిన పిచ్చి మాత్రం కాస్త విడ్డూరమైనది: క్యాసినో బిళ్ళలు. జూదశాలల్లో డబ్బుకు బదులు బల్ల మీద పెట్టి ఆడతారే, విలువ అంకె వేసి ఉండే ఆ రంగురంగుల బిళ్ళలు. ఆఠీనుకీ ఇస్పేటుకీ తేడా తెలియని నేను, జూదం నిషేధమైన దేశంలో కూర్చుని వాటిని పోగేశానంటే, నా తెలివికి ఇప్పటికీ నాకే ముచ్చటేస్తుంది.

దీనంతటికీ మూలం మా ఫిలిప్పీన్ ఫోర్‌మన్. ఫైనల్ ఎగ్జిట్ మీద, ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతూ అందరికీ తలా ఒక వస్తువు పంచాడు. ఒకరికి ఇస్త్రీపెట్టె, ఒకరికి రైస్ కుక్కర్. ఆలస్యంగా వెళ్ళిన నాకు పర్సులోంచి ఒక ఎర్ర బిళ్ళ తీసిచ్చాడు. మనీలాలోని జూదశాలలో జీవితంలో ఒకే ఒక్కసారి గెలిచినప్పుడు గుర్తుగా దాచుకున్నదట. రైస్ కుక్కర్ పోయిందే అని ఏడుపు మొహంతో రూముకొచ్చి దాన్ని చేతిలో తిప్పి చూస్తే, ఆ బరువు, ఆ నునుపు, అంచు చుట్టూ తెల్ల చారలు, నడుమ చిన్న ఓడ బొమ్మ! ఆ పూట అన్నం కూడా దాని వంక చూస్తూనే తిన్నాను. అప్పటినుంచి సెలవు మీద వెళ్ళే ప్రతివాడినీ అదే అడిగేవాణ్ణి. నేపాలీ వంటవాడు ఖాట్మండు నుంచి నీలంది తెచ్చాడు. లెబనాన్ ఇంజనీరు ఆకుపచ్చది, ఎవరో గోవా నుంచి పసుపుది. అన్నిటినీ ఒక ప్లైవుడ్ పలక మీద అంటించి, నా మంచం పక్క గోడకు స్క్రూలతో బిగించాను. (భూకంపం వచ్చినా ఊడదని గొప్పలు కూడా పోయాను.)

అప్పుడే కోరుట్ల నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి బడిలో లెక్కలు చెబుతుంది. ఫొటోలో నవ్వీ నవ్వనట్టున్న ఆ మొహం చూశాక బిళ్ళల వంక చూడటమే మానేశానంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి. నాకు సెలవు దొరకదు కాబట్టి పెళ్లిచూపులు వీడియో కాల్‌లో. అంతా కుదిరింది గానీ, ముందురోజు అమ్మ ఫోను చేసి అసలు మాట చెప్పింది. "పిల్ల తండ్రిది ఒక్కటే పట్టు కొడుకా. ఆయన అన్న పత్తాలాడి భూమంత పోగొట్టిండట. జూదమాడెటోనికి పిల్లనియ్య అంటున్నడు. నువ్వు సక్కనోనివే గదా, నేను మాటిచ్చిన."

నేను గోడ వంక చూశాను. కడప భాయ్ కూడా చూశాడు. "ఏమబ్బా, ఆ పలక పీకేయ్. చూసినారంటే పచ్చి జూదరివనుకుంటారు," అన్నాడు. పీకుదామంటే స్క్రూల తలలు అరిగిపోయి తిరగవు. చివరికి జగిత్యాలన్న గులాబీపూల దుప్పటి ఒకటి కొనుక్కొచ్చి, పలక కనబడకుండా బట్టల క్లిప్పులతో తగిలించాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాల్ మొదలైంది. ఫోనులో వరసగా అమ్మాయి, తండ్రి, బొజ్జ సర్దుకుంటూ మేనమామ, ఆయన పక్కన అత్త. చప్పుడవుతుందని ఏసీ ఆపేశాం. నేను చెమటలో నానిపోతుంటే చూడలేక జగిత్యాలన్న ప్రేమ కొద్దీ ఏసీ వేశాడు. (ఊరందరి ఏసీలూ బాగుచేసే నేను మా రూము ఏసీని ఏనాడూ పట్టించుకోలేదు.) అది రెండుసార్లు దగ్గి ఒక్కసారిగా ఈదురుగాలిలా ఊదింది. దుప్పటి లేచి నా నెత్తిన పడింది. నేను గులాబీపూలలోంచి తల బయటపెట్టేసరికి వెనకాల నా బిళ్ళలన్నీ తళతళమంటున్నాయి.

"అవేంది బాబూ, గోడకు?" అన్నాడు తండ్రి. సంబంధం పోయినట్టే అనుకున్నాను, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంతలో మేనమామ కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరికి మొహం తెచ్చాడు. చూస్తూ చూస్తుండగానే ఆ మొహం పాలిపోయింది. "బావా, గవి... మెడల్స్! పరుగుపందెంల ఇస్తరు," అన్నాడు గబగబా. పక్కనున్న అత్త మురిసిపోయింది. "అవునన్నా, మా ఆయనకు గూడ షిరిడీ పోయినప్పుడు గసొంటి పసుపుదొకటి వచ్చింది!"

ఆ బొజ్జకు ఏ పందెంలో మెడల్ వచ్చిందో అక్కడెవరూ అడగలేదు. తండ్రి మాత్రం, "గన్ని పందాలు గెలిచినవా!" అని ఉబ్బిపోయి అక్కడికక్కడే ఖాయం చేశాడు. మెట్లెక్కితే ఆయాసపడే నేను తలూపాను.

పెళ్లిలో మేనమామ నన్ను పందిరి వెనక్కి లాక్కెళ్ళి తన పసుపు బిళ్ళను నా గుప్పిట్లో కుక్కాడు. "ఇది నీ తాన్నే పెట్టుకో అల్లుడా. షిరిడీ అని చెప్పి గోవా పోయిన. మీ అత్త బీరువల చూసి అడిగితే మెడల్ అన్న. ఆనాడు నువ్వు నోరు తెరిచి నిజం చెప్పినవనుకో, నన్ను బతుకనిస్తుండెనా!" అన్నాడు. నేను నవ్వలేక చచ్చాను. మామగారు మాత్రం చుట్టాలందరికీ నన్ను "రన్నింగుల చాంపియన్" అనే పరిచయం చేశారు.

ఇప్పుడు మేనమామ లేడు. మా ఆవిడ రియాద్ వచ్చేసింది, చివరికి స్క్రూలు కోసి ఊడదీసుకొచ్చిన ఆ పలక మా ఫ్లాటు ముందుగదిలో ఉంది, నడుమ ఆయన బిళ్ళ. మొన్న ఆమె దాని దుమ్ము దులుపుతుంటే ఇక ఉండబట్టలేక ఆ కథంతా చెప్పాను. ఆమె గుడ్డ ఆపనే లేదు. "లెక్కల టీచరును. మెడల్ మీద ఐదువందలని ఎందుకుంటదో నాకెరుక లేదా? ఆనాడే ఎరుక."

"మరి ఎందుకు ఒప్పుకున్నవ్?"

"దుప్పట్లకెల్లి తల బయట పెట్టినప్పుడు నీ మొహం చూసిన. మనసుల ఉన్నదంత మొహం మీదనే ఉన్నది. గసొంటోడు జూదం ఏమాడుతడు?"

నా జీవితంలో నేను గెలిచిన పందెం అదొక్కటే. ఆ రోజు నెత్తిన పూలదుప్పటితో బిక్కమొహం వేసుకు కూర్చున్న ఆ పిల్లవాడికి ఎవరైనా అప్పుడే ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.