సాబ్ వండిన కిచిడీ

ఈ పొద్దున మా పక్కింట్లో పెసరపప్పు అడుగంటింది. వరండా అంతా మాడు వాసన. పక్కింటావిడ తలుపు తీసి నన్ను చూసి, "అయ్యో, మీ దాకా వచ్చేసిందాండీ? ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయాను" అని తెగ నొచ్చుకుంది. "పర్లేదండీ, నాకు ఈ వాసన ఇష్టం" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. చూడదూ మరి! మాడిన పప్పు వాసన ఇష్టమని చెప్పే మనిషిని నేనైనా అలాగే చూస్తాను. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ వాసన వస్తే చాలు, నాకు ఎల్బీనగర్‌లో మా ఆఫీసు మేడ గుర్తొస్తుంది. ఆ మేడ మీద తలకి తువ్వాలు చుట్టుకుని, పొగలో దగ్గుతూ, గరిటెతో కుస్తీ పడుతున్న ఒక పెద్దాయన గుర్తొస్తారు. ఆయన సుబేదార్ బాల్‌రెడ్డిగారు. నా మొదటి బాసు, ఇంకెవరి దగ్గరా పనిచెయ్యలేదు కాబట్టి చివరి బాసు కూడా ఆయనే.

మాది తెనాలి వైపు. నా చిన్నప్పుడే నాన్న ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాను. మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ పరీక్షలకు చదివేవాళ్ళు ఒకరైనా దొరికేవారు. అన్నీ రాశాను, అన్నీ తప్పాను. అమ్మ మొహం చూడలేక, పేపర్లో చిన్న ప్రకటన చూసి ఎల్బీనగర్ వెళ్ళాను. అపార్టుమెంట్లకు, ఆసుపత్రులకు సెక్యూరిటీ గార్డులను పంపే ఆఫీసు అది. ఒక మందుల షాపు పైన ఇరుకు గది. బల్ల వెనక తెల్ల మీసాలు, నిటారుగా ఉన్న నడుము. బాల్‌రెడ్డిగారు సైన్యం నుంచి రిటైరయ్యాక ఆ ఆఫీసు పెట్టారు. ఆయనది పెద్ద అంబర్‌పేట్ దాటాక ఎక్కడో ఒక ఊరు. నా సర్టిఫికెట్లు ఆయన ముట్టుకోనైనా లేదు.

"తిన్నవా బిడ్డా?" అని అడిగారు.

"తిన్నాను సార్."

"ఏం తిన్నవ్?"

నేను నోరు తెరిచి మూశాను. భయానికి పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. ఆయన మీసాల చాటున నవ్వి, "పో, కింద ఇడ్లీ తిని రా. అప్పుడు మాట్లాడుదం" అన్నారు. తిని పైకి వెళ్ళేసరికి మాట్లాడేదేమీ మిగల్లేదు, ఉద్యోగం ఇచ్చేశారు. ఇదేం ఆఫీసురా బాబూ అనుకున్నాను.

మెల్లగా తెలిసింది, ఆయన అందర్నీ అదే అడుగుతారని. తనిఖీకి వెళితే యూనిఫాం ఇస్త్రీ, బూట్ల పాలిష్ తర్వాత సంగతి. ముందు "తిన్నవా?", వెంటనే "ఏం తిన్నవ్?" రెండో ప్రశ్నకి తడబడ్డాడంటే గార్డు తినలేదని అర్థం. కొత్తపేటలో ఒక అపార్టుమెంటు ప్రెసిడెంటుగారు, గార్డు కింద హాల్లో కూర్చుని టిఫిన్ బాక్సు విప్పితే వచ్చేపోయేవాళ్ళకు బాగుండదన్నాడు. మర్నాడు మా సార్ తన క్యారేజీ పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, అదే హాల్లో గార్డు పక్కన కుర్చీ లాక్కుని పప్పన్నం కలపడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటుగారు కంగారుగా దిగొచ్చి, "సార్, మీరు ఇక్కడేంది? పైకి రాండ్రి" అన్నాడు. "లేదు సాబ్, మా డ్యూటీ మనిషి కాడనే తింట. జర పచ్చడుంటే పంపియ్యుండ్రి" అన్నారు మా సార్. పచ్చడి వచ్చింది. గార్డుకి ఆ హాల్లో ఒక బల్ల కూడా వచ్చింది. నేను నవ్వాపుకోలేక మెట్ల వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ రెండో ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలిసింది డిసెంబర్‌లో. డెబ్బై ఒకటి యుద్ధంలో మన సైన్యం తూర్పు బెంగాల్లోకి చొచ్చుకుపోయినప్పుడు, ఒకే దళంలో నది దాటినవాళ్ళు కొందరు హైదరాబాద్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఏటా ఆ నది దాటిన రోజున మా ఆఫీసు మేడ మీద కలుస్తారు. ఉపన్యాసాలు, దండలు ఏమీ ఉండవు. శాలువాలంటే మా సార్‌కి హడల్. జెండా పండగలకు కాలనీ సంఘాలవాళ్ళు పిలిచి కప్పినవి బీరువా నిండా ఉన్నాయి. "ఇంకొక్కటి తెస్తే మీ ఆంటి నన్ను ఇంట్లకు రానీయదు" అనేవారు. మేడ మీద ఉండేది ఒక కట్టెల పొయ్యి, దాని మీద పెద్ద గంజు, అందులో కిచిడీ. వండేది యాదగిరిగారు. సన్నగా, మాట తక్కువగా, చంపాపేట్‌లో కూతురింట్లో ఉండేవారు. ఆ రోజుల్లో ఆ దళానికి ఆయనే వంటమనిషి.

అందరూ జంపఖానా మీద వరసగా కూర్చుని తింటుంటే యాదగిరిగారు మాత్రం పొయ్యి దగ్గరే నిలబడ్డారు. "మీరూ కూర్చోండి బాబాయ్" అన్నాను. "వంటోడు ఆఖర్ల తింటడు మేడం. మా ఉస్తాద్ నేర్పిండు" అన్నారు. మీరూ యుద్ధంలో ఉన్నారట కదా అంటే, "నేనేం చేసిన? వంట చేసిన. యుద్ధం వీళ్ళు చేసిండ్రు" అని గంజు వైపు తిరిగారు. ఏ సంఘమూ ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు. పిలవడానికి ఆయన ఎవరికీ చెప్పుకుంటేగా!

అందరూ వెళ్ళాక సార్ నాకు చెప్పారు. ఆయనకి ఏ నదైనా గంగే. "గంగ దాటాలె బిడ్డా. గా ఒడ్డు కానరాదు. నాకు ఈత రాదు. మా ఊరి కుంటల దిగుతనన్నా మా అవ్వ ఒద్దనేది. అక్కడి ఊరోళ్ళు పడవలు తెచ్చిండ్రు. నడుమ నీళ్ళల్లకు పోంగనే బరువెక్కువైంది, సామాన్లు పడేయుండ్రన్నరు. అందరం పడేసినం. యాదగిరి పడేయలే. కిచిడీ గంజు నెత్తిమీద పెట్టుకొని, నన్ను పడేయుండ్రి గని గంజును ఒద్దన్నడు." అప్పటికి వాళ్ళెవరూ సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో. అవతలి ఒడ్డున బురదలో కూర్చోబెట్టి యాదగిరిగారు అందరికీ పెట్టారట. "నేను మల్ల అడిగి పెట్టిచ్చుకున్న. నా ఆకలే నాకు కనబడ్డది. తినుడైనంక చూస్తే, వాడు గంగ ఒడ్డుకు కూసొని ఖాళీ గంజు తోముతున్నడు. తిన్నవా అంటే, తిన్న అన్నడు. ఏం తిన్నవ్ అంటే నవ్విండు." సార్ ఖాళీ గంజు వైపు చూశారు. "గా నవ్వు నన్ను ఇడుస్తలేదు. ఒక్కసారన్నా వాడు కూసోవాలె, మాకంటె ముందుగాల తినాలె. ఏటా ఒకరమో ఇద్దరమో తగ్గుతనే ఉన్నం. గది చూడకుంట పోతనేమోనని నా పరేషాన్."

ఇంత తెలిసిన మనిషి మరుసటి ఏడు చేసిన పని వినండి. యాదగిరికి శ్రమ లేకుండా చేస్తానని, చంపాపేట్‌లో ఒక హాలు మాట్లాడి, బిర్యానీ ఆర్డరిచ్చి, కుర్చీలకు గుడ్డలు కట్టించారు. మొదటి కుర్చీ యాదగిరిగారిది. ఆయన ఎప్పటిలా గరిటెను సంచిలో పెట్టుకుని వచ్చారు. టోపీలు పెట్టుకున్న క్యాటరింగ్ కుర్రాళ్ళను చూశారు, పొగలు కక్కుతున్న బిర్యానీ చూశారు. "నా చేతి వంట సప్పగైందా సాబ్?" అన్నారు మెల్లగా. మా సార్ తేరుకుని జవాబు చెప్పేలోగా ఆటో ఎక్కేశారు. ఆ బిర్యానీ ఎవరికీ సహించలేదు. సార్ గుడ్డ కట్టిన ఆ కుర్చీ పక్కన నిలబడి, "గాడిద పని చేసిన బిడ్డా" అన్నారు. ఎంత జాలేసిందో నాకు!

ఆ తర్వాత యాదగిరిగారు ఫోన్ తీయలేదు. ఏడాది తిరిగి మళ్ళీ డిసెంబర్ దగ్గరపడింది. "వెళ్ళి సారీ చెప్పండి సార్" అన్నాను. "చెప్తే ఏమైతది? అయ్యో సాబ్ గంత మాటెందుకని మల్ల గరిటె పట్టుకుంటడు. మల్ల ఆఖర్లనే తింటడు." కాసేపు మీసం దువ్వుకుని, ఉన్నట్టుండి బల్ల మీద చరిచారు. "ఫౌజ్‌ల బడాఖానా ఉంటది బిడ్డా. ఆ రోజు అఫ్సర్లు ఒడ్డిస్తరు, జవాన్లు కూసొని తింటరు. గా రోజు ఎవ్వరూ కాదనొద్దు. నేనే వండుత."

"మీకు వంట వచ్చా సార్?"

"గంగ దాటినోనికి గంజు ఒక లెక్కనా?"

ఆ మాట ఆంటీకి చేరేస్తే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వారు. "టీ పెట్టమంటే పాలన్నీ పొయ్యిల పోసే మనిషి! మేడ కాలబెట్టకుంట చూస్కో బిడ్డా."

నది దాటిన రోజు రాగానే, మధ్యాహ్నం నన్ను చంపాపేట్ పంపారు. యాదగిరిగారు గుమ్మంలో కూర్చుని మనవరాలికి జామకాయ కోసి పెడుతున్నారు. "నాకు పనున్నది మేడం" అన్నారు, నేను నోరు తెరవకముందే.

"సరేనండీ. సార్ అక్కడ ఒక్కరే కిచిడీ వండుతున్నారు, చెప్పి పోదామని వచ్చాను."

కత్తి ఆగింది. "ఎవరూ? సాబా? పొయ్యి ఎవరు ముట్టిచ్చిండ్రు?"

"ఆయనే."

"నీళ్ళు ఎన్ని పోసిండు?"

"ఏమోనండీ. వాసన మాత్రం మందుల షాపు దాకా దిగింది."

"అయ్యయ్యో! నా చెప్పులేవి?" అని ఆయన లేచేశారు. నా స్కూటీ వెనక కూర్చుని దారంతా, "జర తొందరగ పోనీ మేడం, అడుగంటుతది" అని భుజం తడుతూనే ఉన్నారు.

మేడ మీద పొగ. మిగతా ముసలి ఫౌజీలు ఉల్లిపాయలు కోసి ఏడుస్తున్నారు. తలకి తువ్వాలుతో సార్. యాదగిరిగారు గంజు మీదికి ఉరకబోయారు.

"సిపాయి యాదగిరి! సావధాన్!"

ఆ కేకకి కింద రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి ఉంటారు. యాదగిరిగారు మడమలు కలిపి నిలువుగా నిలబడిపోయారు. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఒళ్ళు మర్చిపోలేదు.

"కూసో. ఇది బడాఖానా. హుకుం."

"సాబ్, అడుగంటుతున్నది..."

"అంటనీ. కూసో."

జంపఖానా మీద ఆయన ఒక్కరే కూర్చున్నారు. మిగతావాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. సార్ వంగి పళ్ళెంలో వడ్డించారు. సగం జంపఖానా మీదే పడింది. యాదగిరిగారు చుట్టూ అందరి మొహాలూ చూశారు, ఇక తప్పదని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు.

"ఎట్లున్నది?"

"ఉప్పెక్కువైంది సాబ్."

మేడ దద్దరిల్లిపోయింది. ఒకాయన నవ్వీ నవ్వీ పిట్టగోడ పట్టుకున్నారు. ఆ గోలలోనే యాదగిరిగారు పళ్ళెం ముందుకు జరిపి, "మల్ల జరంత పెట్టుండ్రి" అన్నారు. సార్ పెట్టారు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"తిన్నవా?"

"తిన్న సాబ్."

"ఏం తిన్నవ్?"

"మాడిన కిచిడీ సాబ్."

సార్ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. పొగ అన్నారు. మేమూ పొగే అన్నాం. నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను, అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. ఆ తర్వాత మేమంతా ఆ ఉప్పు కిచిడీ తిన్నాం. గంజు అడుగు మాడు కోసం ముసలాళ్ళు చిన్నపిల్లల్లా కొట్టుకున్నారు.

ఆ తర్వాత ఇంకొన్ని డిసెంబర్లు సారే వండారు. వంట మాత్రం చచ్చినా రాలేదు. ఒక వేసవిలో నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆంటీ ఆఫీసు తాళాలు నా చేతిలో పెట్టి, "గార్డులు నీ మాటే ఇంటరు బిడ్డా, నువ్వే చూస్కో" అన్నారు. ఇప్పుడు ఉద్యోగానికి ఎవరొచ్చినా నేనూ ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాను. కాగితాలు తర్వాత చూస్తాను. వాళ్ళు కూడా ఇదేం ఆఫీసురా బాబూ అనుకుంటూనే ఉంటారు.

సార్ లేని మొదటి డిసెంబర్‌లో కిచిడీ నేను వండాను. పరువు పోకూడదని ఇంట్లో వండి చూసుకుని మరీ, అన్నీ సరిగ్గా వేశాను. యాదగిరిగారు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే జంపఖానా మీద మొదటి చోట కూర్చున్నారు. సంచిలో గరిటె తేలేదు. నేను వడ్డించాను. ఒక ముద్ద తిని, చెయ్యి పళ్ళెంలోనే ఆపేశారు.

"బాగాలేదా బాబాయ్?"

"మంచిగున్నది." కాసేపు పళ్ళెం వైపే చూశారు. "గందుకే సాబ్ యాదికొస్తలేడు బిడ్డా."

అన్నేళ్ళలో ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నేను ఉప్పు డబ్బా తెచ్చి, గంజులో గుప్పెడు వేసి కలిపి, మళ్ళీ వడ్డించాను. తిన్నారు. మొహం చిట్లించారు. కళ్ళు నీళ్ళతో నిండాయి, నవ్వుతో కూడా.

"ఇగో, ఇప్పుడొచ్చిండు" అన్నారు.

రేపే మళ్ళీ ఆ రోజు. సాయంత్రం బజారుకెళ్ళి బియ్యం, పెసరపప్పు తెచ్చుకోవాలి. ఉప్పు పెద్ద ప్యాకెట్టే తెస్తాను.