గిన్నె అడుగున పేరు

అలమర సర్దుతుంటే అమ్మ గాజు గిన్నె చేతికి తగిలింది. బోర్లిస్తే అడుగున మాస్కింగ్ టేపు మీద, అమ్మ చేతిరాతలో ‘మేరీ సుగుణ’ అని ఇంకా ఉంది. నలభై ఏళ్లైనా దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో, అమెరికాలో మేముండే ట్రాయ్‌లో, మా తెలుగు సంఘానికి రెండేళ్లు. ఉగాదికి స్కూల్ కెఫెటీరియా అద్దెకు తీసుకుంటే, కరిగిన మంచు బురదలో బూట్లు విదిలించుకుంటూ ముప్పై కుటుంబాలు పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు మోసుకొచ్చేవి. తిన్నాక చీటీలతో ఎన్నికలు. గిన్నెలు తారుమారు కాకుండా ఆంటీలంతా అడుగున పేరు అంటించేవాళ్లు. ఖాళీ గిన్నెలు బోర్లించి, పేర్లు చదివి, ఎవరివి వాళ్లకి పరుగున ఇచ్చి రావడం పిల్లల ఆట.

గుడికి రానివాళ్లకు సంఘంలో ఓటే ఉండకూడదనేది ఎన్నికల్లో చక్రపాణి గారి ప్యానెల్ వాదన. చర్చికి వెళ్లే కుటుంబాలు మాతో కలిపి ఆరు. ఏం జరిగినా ఆ ప్యానెల్‌ని కమిటీలో కలుపుకోకూడదని నాన్న, ఆయన స్నేహితుడు భాస్కర్ అంకుల్ మా బేస్‌మెంట్‌లో కాఫీ తాగుతూ మాట ఇచ్చుకున్నారు. ఆ ఏడాది ఏడు సీట్లలో మావాళ్లకు మూడు, చక్రపాణి గారికి రెండు, విడిగా నిలబడ్డ కుర్రకారుకు రెండు వచ్చాయి. కుర్రకారుతో కలిస్తే సరిపోయేది, కానీ వాళ్లు ప్రెసిడెంట్ పదవి అడిగారు, అది అంకుల్‌కి కావాలి.

“చక్రపాణి వాళ్లని కలుపుకుని వంటల కమిటీ ఇస్తున్నాం, అంతే కద గురూ! ప్లేట్లు సర్దుకుంటూ కూర్చుంటారు, డోంట్ వర్రీ,” అన్నాడు అంకుల్. నాన్న తలూపాడు. ఆ తలూపినందుకు నాన్న మీద కూడా నాకు కోపమే.

మరుసటి ఉగాదికి వంటల కమిటీ తలుపు దగ్గరే నిలబడి, ప్రతి గిన్నె పైకెత్తి, అడుగున పేరు చదివింది. మా ఆరు గిన్నెలూ చెత్తడబ్బా పక్కన వేరే బల్ల మీదికి వెళ్లాయి. “కొందరు తినరు కదమ్మా, ఏమనుకోకండి,” అని చక్రపాణి గారు నవ్వారు. మైకులో అంకుల్ ఐకమత్యం గురించి ఉపన్యసిస్తున్నాడు. మూత తీయని పులిహోర నా చేతికిచ్చి అమ్మ, “పద, ఇంటికెళ్దాం,” అంది. వేసవి రాకముందే మా ఓట్లూ తీసేశారు. అమ్మ మళ్లీ ఆ గిన్నె వాడలేదు.

ఇప్పుడు ఉగాదికి కేటరింగ్ ట్రేలు, వాటికి పేర్లుండవు, పరుగెత్తే పిల్లలూ లేరు. మొన్న అంకుల్ ఫోన్ చేసి, “ఆ రోజులే వేరమ్మా, అందరం ఒక్క ఇంట్లోవాళ్లలా ఉండేవాళ్లం,” అన్నాడు.

“ఆ రోజు అమ్మ పులిహోర మీరూ ముట్టుకోలేదంకుల్,” అన్నాను.

“ఏ రోజమ్మా?” అన్నాడు.