ఏడో కుర్చీ గేజీ పుస్తకం

ఏడేళ్ళ కిందట, మార్చి నెల మొదటి సోమవారం, కృష్ణా డెల్టాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. విజయవాడ నుంచి డెప్యుటేషన్. రెండు నెలలే అన్నారు, పద్నాలుగు నెలలు ఉంచారు. పామర్రు దాటాక వచ్చే ఊరు అని మాత్రం చెబుతాను. పేరు రాస్తే మళ్ళీ సంజాయిషీ అడుగుతారు. ఇదివరకు రెండుసార్లు అడిగారు. నేనిచ్చిన జవాబుల నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఈ పని తెలియనివారికి ముందుగా ఒక మాట. మూత్రపిండాలు పనిచేయనివారి రక్తాన్ని యంత్రం శుభ్రం చేస్తుంది. అందుకు నిమిషానికి అర లీటరు చొప్పున శుద్ధమైన నీరు కావాలి. నాలుగు గంటల సిట్టింగుకు నూట ఇరవై లీటర్లు. ఆ నీటిని తయారుచేసే ఆర్.ఓ. ప్లాంటు వచ్చిన నీటినంతా శుద్ధి చేయదు. కొంత మంచినీరుగా మారితే, అందులోని ఉప్పును మోసుకుంటూ మిగతాది పక్క గొట్టంలోంచి బయటకు పోతుంది. ఈ పోయే నీరు రోగి దాకా రాదు. రోగి రక్తాన్ని శుభ్రం చేసిన నీరు వేరు. అది యంత్రం వెనక గొట్టంలోంచి నేరుగా మురుగులోకి వెళుతుంది. ప్రతి షిఫ్టుకు ముందు నీటిలో క్లోరిన్ లేదని చుక్కల మందుతో పరీక్షించి, ఉప్పు శాతం మీటరులో చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాకే మొదటి రోగిని కుర్చీలో కూర్చోబెట్టాలి. ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ఆ సంతకం ముందుగా పెట్టింది ఒక్కరోజు కూడా లేదు.

అక్కడ ఎనిమిది కుర్చీలు, రోజుకు మూడు షిఫ్టులు. సాయంత్రం నాలుగున్నరకు మొదలయ్యే మూడో షిఫ్టు నాది. ఆ వేళ పడమటి కిటికీలోంచి ఎండ నేల మీద పొడుగ్గా పడేది. ఎనిమిది యంత్రాలు ఒకే శ్రుతిలో సన్నగా గుంయ్‌మంటుండేవి. రిటైరయ్యాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు విన్నప్పుడల్లా అప్రయత్నంగా గడియారం వైపు చూస్తాను, ఎవరి బీపీ చూడాల్సిన సమయం దాటిపోయిందోనని.

నేను చేరిన వారానికే విజయవాడ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. ఆసుపత్రుల్లో నీటి పొదుపు, రోగుల సంక్షేమం మీద అధ్యయనం. ఆర్.ఓ. ప్లాంటు నుంచి వృథాగా పోయే నీటిని తిరిగి వాడవచ్చా అన్నది ప్రశ్న. మంచి ప్రశ్నే. సూపరింటెండెంట్ గారి గదిలో సమావేశం పెట్టారు. ఆరు కుర్చీలు వేశారు, ఏడుగురం ఉన్నాం. ప్లాంటు నడిపే మనిషిని నేనొక్కదాన్నే, నిలబడ్డదాన్నీ నేనొక్కదాన్నే. టీ కూడా ఆరు కప్పులే వచ్చింది. బృందాన్ని నడిపించే ప్రొఫెసర్ గారు నన్ను రెండు ప్రశ్నలు అడిగి, మూడోదానికి జవాబు తానే చెప్పుకున్నారు. గొట్టానికి మీటరు బిగించి రెండు ఉదయాలు కొలిచారు. సగటు తీశారు. ఆఫీసు ముందున్న పచ్చికకు ఆ నీరు మళ్ళించారు. దాని పక్కన బోర్డు పెట్టి ఫొటో తీయించుకున్నారు.

ఇదంతా ఏడో కుర్చీలోంచి చూస్తున్న మనిషి నాంచారయ్య గారు. చల్లపల్లి అవతల పల్లె నుంచి సోమ, బుధ, శుక్రవారాలు రెండు బస్సులు మారి వచ్చేవారు. నీటిపారుదల శాఖలో లస్కర్‌గా చేసి రిటైరయ్యారు. కాలువల లాకుల దగ్గర, తూముల దగ్గర తలుపులు ఎత్తి దించే ఉద్యోగం అది. ఏ పూట ఎన్ని అడుగుల నీరుందో గేజీ రాయి మీద చూసి పుస్తకంలో ఎక్కించడం కూడా ఆయన పనే. ఎడమ చేయి యంత్రానికి ఇచ్చి కదలకుండా కూర్చునేవారు గానీ, కళ్ళు మాత్రం ఊరుకునేవి కావు.

"రజియమ్మా, ఆ గదిలోంచి గోడవతలకి పోయే నీళ్ళు రోజుకెన్నో తెలుసా?" అని అడిగారు ఒక సాయంత్రం.

బృందం వారు కొలిచారని చెప్పాను.

"కొలిచార్లే. కాలవ నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే ఏవొస్తది? కాలవ కట్టేశాక కొలవాలి. అప్పుడు తెలుస్తది నీళ్ళ సంగతి."

ఆ మాటతో నాకు కోపం వచ్చింది, నాకు తట్టనందుకు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఆసుపత్రికి ట్యాంకరు నీరే గతి. అది బోరు నీరు, ఉప్పు ఎక్కువ. ఉప్పు పెరిగితే ప్లాంటులో నీటిని వడగట్టే పొర పాడవకుండా పక్క గొట్టం వాల్వు ఇంకాస్త తిప్పాలి. అంటే వృథా పెరుగుతుంది. నీరు తక్కువైన రోజుల్లోనే ఎక్కువ నీరు పారబోస్తాం. ఇది నాకు తెలిసిన విషయమే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాలువ కట్టేశాక పోల్చి చూడటానికి ముందు లెక్క కూడా ఉండాలని మర్నాటి నుంచే కొలవడం మొదలుపెట్టాం. గంటకోసారి గొట్టం కింద ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో వాచీలో చూసి కేక వేసేదాన్ని. ఆయన కుడి చేత్తో పుస్తకంలో రాసేవారు. అట్ట ఊడిన పాత గేజీ పుస్తకం, సర్వీసులో మిగిలిపోయింది. తేదీ, వేళ, గేజీ, చూసినవారు అని గళ్ళు. ఆయన రాని రోజుల లెక్క నేను చీటీ మీద రాసి ఉంచితే, వచ్చాక ఎక్కించుకునేవారు. పక్క కుర్చీలవారు నవ్వేవారు. "నాంచారయ్య బాబాయి డిపార్టుమెంటు ఇక్కడికి మారిందిరోయ్" అనేవారు. ఆయన తలెత్తకుండా, "తలుపులెత్తమంటావేంట్రా? ముందు నీ చెయ్యి కదపకు" అనేవారు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారు. ఆసుపత్రికి వచ్చే ట్యాంకర్లు వార్డులకే సరిపోలేదు. నెల మధ్యలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కాలువలు వదిలేవరకు మూడో షిఫ్టు నిలిపివేయబడుతుంది, ఆ పదకొండు మంది రోగులను మొదటి రెండు షిఫ్టుల్లో సర్దాలి, వారానికి మూడు సిట్టింగులకు బదులు రెండే. శుక్రవారం నుంచి అమలు.

చదివేవారికి ఇది చిన్న సర్దుబాటులా కనిపించవచ్చు. మూడు నుంచి రెండుకు వస్తే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, పడుకోలేరు. పదకొండు మందిలో ఇద్దరు ముగ్గురికి గుండె బలహీనం. వారిలో నాంచారయ్య గారు ఒకరు.

అప్పటికి ఆఫీసు ముందు పచ్చిక పసుపు రంగుకు తిరిగింది. ఉప్పు నీటికి గడ్డి బతకదు. బోర్డు మాత్రం పచ్చగానే ఉంది.

ఆర్.ఎం.ఓ. గారంటే ఆసుపత్రి భవనాలు, సిబ్బంది వ్యవహారాలు చూసే డాక్టరు. పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్ళాను. రోజూ ఇంత నీరు గడ్డిని చంపడానికి పోతోంది, ఇది మరుగుదొడ్లకు ఇస్తే అంత ట్యాంకరు నీరు మిగులుతుంది, మూడో షిఫ్టు నిలబడుతుంది అని చెప్పాను. ఆయన పేజీలు తిప్పి, "ఏవిటమ్మా ఇది, కాలవ గట్టు మీద పుస్తకంలా ఉంది. పేషెంట్లతో లెక్కలు రాయిస్తున్నారా?" అన్నారు. ఆ మాటా నేను మరచిపోలేదు. కదలకుండా నిలబడ్డాను. నిలబడటం నాకు ఆ ఆసుపత్రిలో అలవాటైపోయింది. చివరికి విసుగెత్తి వారం రోజులు చూడమన్నారు.

ఆఫీసు బ్లాకు దగ్గర, గొట్టం పొట్టి, రేపే మొదలుపెట్టవచ్చని నేను అనుకున్నాను. నాంచారయ్య గారు ఒప్పుకోలేదు.

"వంతులేసేటప్పుడు ముందు శివారుకివ్వాలమ్మా. చివర ఎవరికి అందట్లేదో వాళ్ళకి. ఎగువోళ్ళు ఎట్టాగైనా తడుపుకుంటారు. ఎగువకి ముందిచ్చావనుకో, శివారు నీకెప్పుడూ కనపడదు. ఈ ఆసుపత్రికి శివారేది?"

ప్రసూతి వార్డు వెనక మరుగుదొడ్లు. ట్యాంకర్లు తెచ్చిన నీరు పైపుల్లో అక్కడిదాకా చేరేది కాదు. బాలింతల బంధువులు బకెట్లతో మోసుకునేవారు. అదీ చాలక ప్రతి రోజూ ఒక ట్యాంకరు ప్రత్యేకంగా అక్కడికే పంపాల్సి వచ్చేది. ఆ ఒక్క ట్యాంకరు మిగిలితే మూడో షిఫ్టుకు సరిపోతుంది. ఆఫీసు బ్లాకుకు ఇచ్చి ఉంటే ఒక్క ట్యాంకరూ తగ్గేది కాదు. ఈ లెక్క ఆయన కుర్చీలోంచి లేవకుండా వేశారు.

రెండు డ్రమ్ములు, పాత పైపు సంపాదించాం. అంతా బిగించాక ఆ వార్డు స్వీపర్ మరియమ్మ అడ్డం తిరిగింది.

"ఆ మిషన్ల నీళ్ళు నేను ముట్టుకోనండీ. జబ్బోళ్ళ రక్తం కడిగిన నీళ్ళు తెచ్చి బాలింతల దొడ్లో పోస్తారా? మీ ఇంట్లో పోసుకుంటారా?"

నేను ఆర్.ఓ. గురించి పావుగంట చెప్పాను. ఆమె నా వెనక గోడను చూస్తూ విన్నది. నాంచారయ్య గారు సిట్టింగులో ఉన్నారు. లోపలికి తీసుకురమ్మన్నారు. చెప్పులు విప్పి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"మీ ఊళ్ళో పంటకాలవ పక్కన మురుక్కాలవ ఉందా లేదా?"

"ఎందుకు లేదండీ."

"దేంట్లో ముంచుకుంటావ్ బిందె?"

"అదేం మాటండీ, పంటకాలవలోనే."

"ఇటు రా. నా మిషను వెనకాల ఈ గొట్టం చూడు. నా ఒంట్లోంచి వచ్చింది ఇందులో పోద్ది. ఇది మురుక్కాలవ. నీ జోలికి రాదు. ఆ గదిలోంచి వచ్చేది నా దాకా రానేలేదు. నాకంటే ఎగువనే పక్కకి తోలేస్తది ఈ రజియమ్మ. అది పంటకాలవ మిగులు. కాస్త ఉప్పు, అంతే."

మరియమ్మ ఆ గొట్టం పట్టుకుని గోడదాకా నడిచింది. అవతలికి వెళ్ళి రెండోది ఎక్కడి నుంచి వస్తోందో చూసి వచ్చింది. కొంగు తీసేసింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా మేడం గారూ. పావుగంట నిలబెట్టారు" అంది నాతో.

శుక్రవారం మూడో షిఫ్టు నడిచింది. వారం తర్వాత ఆర్.ఎం.ఓ. గారు నోటీసు చింపించారు. జూన్‌లో కాలువలు వదిలేదాకా పదకొండు మందికీ ఒక్క సిట్టింగు తప్పలేదు. ఆ రెండు నెలల సాయంత్రాలు నా ఉద్యోగం మొత్తంలో నాకు మళ్ళీ కావాలనిపించేవి అవే. గొట్టం కింద బకెట్టు, నా చేతిలో వాచీ, గోడ అవతల నుంచి "ఎంతమ్మా?" అన్న పిలుపు. నేను అంకె చెబితే ఆయన ఓసారి పైకి అనుకుని రాసేవారు. మరియమ్మ పని ముగించుకుని గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల మా శివారుకి నిండుగా వచ్చినయ్యండీ" అని చెప్పి వెళ్ళేది. అంతకంటే జరిగిందేమీ లేదు.

జూలైలో ప్రొఫెసర్ గారు వచ్చి వివరాలన్నీ అడిగి, పుస్తకం వారం రోజుల్లో పంపిస్తానని తీసుకెళ్ళారు. మరుసటి ఏడు నివేదిక అచ్చయింది. చివరి వాడుకదారు నుంచి మొదలుపెట్టే పంపిణీ పద్ధతి అని దానికి ఒక అధ్యాయం ఉంది. అందులో "స్థానిక సిబ్బంది సహకరించారు" అన్న వాక్యం నేను. "రోగి 7 నమోదు చేసిన కొలతలు" అన్న పాదసూచిక నాంచారయ్య గారు. మరియమ్మ ఎక్కడా లేదు. అది చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "మూడో షిఫ్టు ఉందిగా, చాల్లే" అన్నారు. నాకు చాలలేదు. ఆ తర్వాత ఏడాదిన్నరకు, నా డెప్యుటేషన్ ముగిసి విజయవాడ తిరిగి వచ్చాక, నాంచారయ్య గారు గుండె ఆగి పోయారని మరియమ్మ ఫోన్ చేసి చెప్పింది. పుస్తకం కోసం ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాశాను. రెండింటికి జవాబు వచ్చింది. వెతుకుతున్నామన్నారు.

పదో ఉత్తరం కోసం ఈ మధ్య నా పాత కాగితాలు తీశాను. ప్రొఫెసర్ గారికి జూలైలో నేను ఇచ్చిన నోటు నకలు కనిపించింది. నా చేతిరాతే. "కొలతలు: ఏడో కుర్చీ పేషెంటు రాసినవి" అని ఉంది. పేరు లేదు. అప్పట్లో మేమందరం అలాగే పిలుచుకునేవాళ్ళం, రెండో కుర్చీకి బీపీ చూడు, ఏడో కుర్చీకి సూది తీయి అని. ప్రొఫెసర్ గారు నంబరు కొత్తగా వేయలేదు. నేనిచ్చిందే రాసుకున్నారు. ఇన్నేళ్ళ నా ఫిర్యాదులో సగం నా మీద పడుతుంది. మిగతా సగం అలాగే ఉంది, దాన్ని వదలను.

ఆయన పుస్తకంలో మాత్రం ప్రతి వరుస చివర, చూసినవారు అన్న గడిలో, రజియా బేగం అని ఉండేది. పూర్తి పేరు, రోజుకు నాలుగుసార్లు. ఒకసారి విసుగొచ్చి, పైదే కిందకి అని గీత గీస్తే సరిపోదా అన్నాను. గేజీ ఎవరు చూశారో రాయకపోతే అది గేజీ కాదని ఆయన జవాబు. పుస్తకం నాకు కావలసింది అందుకే.

నీటిని కరువు రోజున, చివరి కుళాయి దగ్గర కొలవాలి. కొలిచిన మనిషి పేరు అంకె పక్కనే, ఆ రోజే రాయాలి. ఈ రెండూ నాకు నేర్పి, ఆ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ కొలతలు రాసినవారు నాంచారయ్య, రిటైర్డ్ లస్కర్. కొలతలు చూసినవారు రజియా బేగం. నీరు శివారుకు చేర్చినవారు మరియమ్మ.