చైనా మెడల్ కోసం తిరిగిన శనివారాలు

పక్కింటి పెద్దాయన పోయారు. సోమవారం పొద్దున్నే నేను కారు తీస్తుంటే, ఆయన దగ్గరే ఉండే కూతురు ఫెన్స్ దాకా వచ్చి, నిద్రలోనే వెళ్ళిపోయారని చెప్పింది. న్యూజిలాండ్‌లో పాపకూర అనే ఈ ఊళ్ళో మేం ఇల్లు కొనుక్కున్న మొదటి వారమే నిమ్మకాయల సంచితో గుమ్మంలో నిలబడ్డ మనిషి. పిల్లలు అంకుల్ అంటే నేనూ అంకుల్ అన్నాను. ఆయనకా పిలుపు ఇష్టం. నేను ఆఫీసులో ఉండగా మా అబ్బాయి చెయ్యి విరిగితే హాస్పిటల్‌కి తీసుకెళ్ళిందీ ఆయనే. అది మరిచిపోయే మనిషిని కాను.

ఆయన ముత్తాత విక్టోరియా రాణి కాలంలో బ్రిటిష్ నేవీ ఆఫీసరు. చిన్నతనంలోనే ఓడెక్కి, కెప్టెన్‌గా రిటైరయ్యాడట. ఆ మెడల్స్ హాల్లో ఒక అద్దాల పెట్టెలో ఉండేవి. బాల్టిక్ సముద్రంలో రష్యా మీద యుద్ధానికి ఒకటి, న్యూజిలాండ్ యుద్ధానికి ఒకటి. మధ్యలో ఖాళీ. అక్కడుండాల్సింది చైనా మెడల్ అనీ, ఇల్లు మారినప్పుడు పోయిందనీ చెప్పేవారు.

న్యూజిలాండ్ మెడల్ గురించి మాత్రం ఎవరడిగినా దాపరికం లేదు. ఈ నేల అసలు వాళ్ళైన మావోరీ స్నేహితులు వచ్చినా సరే, "మా ముత్తాత వైకాటో నది మీద గన్‌బోట్‌లో వెళ్ళి మీ కోటల మీద ఫిరంగులు పేల్చాడు" అనేవారు. "మెడల్ ఉన్నది దాచుకోడానికి కాదు, జవాబు చెప్పుకోడానికి" అని నాతో అనేవారు. ఆ మాట మా పిల్లలకి గొప్పగా చెప్పుకున్నాను.

పోయిన మెడల్ ఎవరో అమ్మేసుంటారు, ఎలాగైనా వెతికిపెట్టాలని నా పంతం. శనివారాలు ఆయన్ని కారెక్కించుకుని, నగరం అవతలి కొసన న్యూ లిన్ దాకా పాత సామాన్ల షాపులన్నీ తిప్పాను. ఎర్ర రిబ్బను, పసుపు అంచులు అని గుర్తులు చెప్పారు. కళ్ళజోడు సవరించుకుని ట్రేలన్నీ చూసి, "ఇది కాదులే" అనేవారు. మా ఆవిడ దెప్పేది: "వాళ్ళ ముత్తాత మెడల్ కోసం మీకెందుకండీ ఈ తిరుగుడు? మన గరాజ్ క్లీన్ చెయ్యమంటే టైముండదు."

ఆయన పోయిన సోమవారం సాయంత్రం అన్నం, కూర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మెడల్స్ పెట్టె టేబుల్ మీద ఉంది. మధ్యలో ఖాళీ లేదు. తెల్ల రిబ్బను, రెండు ఎర్ర చారలు, మెడల్ మీద ఇండియా అన్న అక్షరాలు.

కూతురు తల దించుకుంది. "సిపాయిల తిరుగుబాటు అణచడానికి డాడ్ వాళ్ళ ముత్తాత లక్నో వెళ్ళినప్పటిది. చైనా మెడల్ అంటూ ఏదీ లేదు. మీరొస్తున్నారంటే డాడ్ దీన్ని తీసి సొరుగులో పెట్టేసేవారు. చూస్తే రావడం మానేస్తారని భయం."

మాది తెనాలి. లక్నోని మ్యాపులో తప్ప చూళ్ళేదు. చెప్పుంటే ఒక పూట ముభావంగా ఉండేవాణ్ణి, మర్నాడు మళ్ళీ టీకి వెళ్ళేవాణ్ణి. ఊరందరికీ జవాబు చెప్పిన మనిషి నాకు మాత్రం అబద్ధం చెప్పారు. లేని మెడల్ కోసం నేను డ్రైవ్ చేస్తుంటే పక్కన కూచుని కబుర్లు చెప్పారు. స్నేహితుణ్ణనుకున్నాను, నన్ను చివరిదాకా అతిథిగానే ఉంచారు.

"మీరంటే ప్రాణం కాబట్టే దాచారేమోనండీ" అంది మా ఆవిడ.

"ప్రాణమైతే చెప్పాలి కదా" అన్నాను. పోయినాయనతో పోట్లాడలేక ఆవిడ మీద అరిచాను.

శుక్రవారం అంత్యక్రియలు. శవపేటిక పక్కన బల్ల మీద ఆ పెట్టె పెట్టారు. వరసలో నా వంతు వచ్చింది. నేను దగ్గరికి రాగానే, కళ్ళు తుడుచుకుంటున్న కూతురి చెయ్యి గబుక్కున వెళ్ళి ఆ మధ్య మెడల్‌ని కప్పేసింది. తర్వాత, నాకు తెలుసని గుర్తొచ్చి, చెయ్యి మెల్లగా తీసింది.