చోక్ గుంజి చూడు

ఉస్తాద్ పోయారు. మొన్న శుక్రవారం పొద్దున వాళ్ల బిడ్డ ఫోన్ చేసింది. "అబ్బా నిద్రలనే పోయిండు భాయ్. ఏం తక్లీఫ్ పడలే." ఫోన్ పెట్టేశాక, ఏడుపుకంటే ముందు నా గుండె తేలికైంది. సిగ్గేసింది గానీ, అబద్ధం ఎందుకు రాయాలి? నేను తప్పు ఒప్పుకోకముందే ఆయన పోయి ఉంటే, ఇక జన్మలో నాకు నిద్ర పట్టేది కాదు.

ఆయనది తాండూరులో పంపుసెట్ల రిపేరు దుకాణం. నేను వారమంతా అక్కడే బండల పాలిషు మిషన్ మీద పనిచేస్తాను. ఆదివారం పెద్దేముల్ దాటి వెళ్లి ప్రాజెక్టు నీళ్లలో చేపలు పడతాను. పడవ మా నాన్నది. దాని వెనక తగిలించే మోటారు నాకంటే రెండేళ్లు పెద్దది. దాని కార్బురేటర్ ముట్టుకునే ధైర్యం ఉస్తాద్ ఒక్కరికే ఉండేది. సగం రోగం ఫోన్‌లోనే పట్టేవారు. "నువ్వు మాట్లాడకు. జర దాన్ని మాట్లాడనియ్యి," అనేవారు. నేను ఫోన్‌ను మోటారు దగ్గర పట్టుకుని నిలబడేవాణ్ణి. చప్పుడు నచ్చితే ఒకటే మాట: "అచ్ఛా. ఇగ చాయ్ తాగు."

ఈ ఎండాకాలం ఆ మోటారు బాగా సతాయించింది. స్టార్టవుతుంది, స్పీడు పెంచగానే చచ్చిపోతుంది. ఉస్తాద్ బాగుచేసిచ్చిన రెండో ఆదివారానికే మళ్లీ అదే కథ. మూడుసార్లయ్యాక నాకు తిక్క రేగింది. దుకాణం నిండా మనుషులుండగా, "చేతులు వణుకుతున్నయ్, పని మర్శిపోయినవ్. ఇగ దుకాణం బంద్ పెట్టు!" అనేశాను. డెబ్బై దాటిన మనిషిని! ఆయన స్పానర్ తుడిచి పక్కన పెట్టారు, అంతే.

మోటారును వికారాబాద్ తీసుకుపోతే, అక్కడి మెకానిక్ తుక్కుకు వేసెయ్యమన్నాడు. నోరు మూసుకుని ఉస్తాద్ దగ్గరికే వచ్చాను.

"చోక్ గుంజితె బతుకుతున్నదా?" ఏమీ జరగనట్టే అడిగారు.

బతుకుతోందన్నాను.

"గట్లయితె పెట్రోల్ అందుతలేదు. నువ్వే విప్పు."

"నేనా?"

"నీళ్ల నడుమ నేనుంటనా?"

తెల్ల సాసర్ కింద పెట్టించి, మర ఒక్కటి కూడా జారకుండా నాతోనే విప్పించారు. కార్బురేటర్ కింది గిన్నెలోని పెట్రోల్ సాసర్‌లోకి వంచితే, అడుగున బూడిదరంగు మడ్డి. దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశారు. నా చొక్కా మీదా అదే రంగు.

"పెట్రోల్ క్యాన్ యాడ పెడుతున్నవ్ బేటా?" పక్కవాళ్లకు వినపడకుండా అడిగారు.

పాలిషు షెడ్డులో, మూత లేకుండా! బండల పిండిని మోటారుకు తాగించింది నేనే.

"తప్పు నాదే ఉస్తాద్. మీ పని మంచిగనే ఉన్నది. మాఫ్ చెయ్యుండ్రి," అని దుకాణమంతా వినేలా చెప్పాను.

"అరే, లొల్లి చెయ్యకు. పెట్రోల్ వచ్చే గా జెట్ బొక్క ఊదు," అని నవ్వారు. పెట్రోల్ వడగట్టుకొమ్మని బిడ్డ పాత చున్నీ ముక్క చింపి ఇచ్చారు. అది ఇప్పటికీ పడవలోనే ఉంది.

నిన్న ఆదివారం, నీళ్ల నడుమ మోటారు ఆగిపోయింది. ట్యాంకులో పాత మడ్డి ఇంకా మిగిలినట్టుంది. ఒడ్డు చాలా దూరం. చోక్ లాగితే బతికింది. సాసర్ పెట్టి విప్పాను, జెట్ ఊదాను, బిగించాను. తాడు రెండో గుంజుడుకే అందుకుంది. ఆ సంబరంలో అలవాటుగా ఆయన నంబరు నొక్కి, ఫోన్ మోటారు దగ్గర పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. భయపడుతూ ఫోన్ చెవికి పెట్టుకున్నాను. అటువైపు ఎవరో ఫోన్ ఎత్తారు. మోటారు చప్పుడు వింటున్నారు.

"అచ్ఛా," అంది ఆయన బిడ్డ చివరికి. "ఇగ చాయ్ తాగు భాయ్."